మూర్ఛ అనే మాట వెనక

స్పృహ తప్పి పడిపోవడానికి తెలుగులో ఉన్నన్ని మాటలు చూస్తే ఆశ్చర్యమేస్తుంది. కోస్తాలో శోషొచ్చి పడిపోతారు. తెలంగాణలో సోయి తప్పుతుంది, చక్కరొస్తుంది. కళ్ళు తిరుగుతాయి, కళ్ళు బైర్లు కమ్ముతాయి, తెలివి తప్పుతుంది, సొమ్మసిల్లుతారు, సోలిపోతారు. మళ్ళీ లేవడానికి కూడా తెప్పరిల్లడం, తేరుకోవడం అని వేరే మాటలున్నాయి. ఎండలో కలుపు తీసేవాళ్ళు, ఒక్కపొద్దులుండేవాళ్ళు, కాన్పు కాన్పుకీ నెత్తురు పోగొట్టుకునేవాళ్ళు పుట్టించిన మాటలివి అని నా ఊహ. ఎందుకంటే వీటిలో చాలావరకు పడిపోయిన మనిషి లోపల్నుంచి చెప్పినవి. కళ్ళు బైర్లు కమ్మడం చూసేవాళ్ళకి కనిపించదు. పడేవాళ్ళకే తెలుస్తుంది.

వీటన్నిటి మధ్య మూర్ఛ అనే మాట వేరుగా నిలబడుతుంది. అది బయటినుంచి చూసినవాళ్ళ మాట. పైగా ఇవాళ తెలుగులో దానికి రెండర్థాలు. కథలో నాయిక మూర్ఛపోయింది అంటే కాసేపు స్పృహ తప్పిందని. ఆస్పత్రి బోర్డు మీద మూర్ఛవ్యాధి అని ఉంటే ఎపిలెప్సీ, అంటే మనం ఫిట్స్ అనేది. మొదటిది మెదడుకి కొద్ది సెకన్లు రక్తం చాలక జరిగే ఘటన. రెండోది మెదడులోని విద్యుత్ ప్రవాహాలకు సంబంధించిన జబ్బు. మందులు వాడితే చాలామందిలో అదుపులో ఉంటుంది. ఈ రెంటికీ ఒకే పేరు ఉండడం భాషాశాస్త్రజ్ఞులకి చిన్న విశేషంలా కనిపించవచ్చు. పెళ్ళీడు అమ్మాయి విషయంలో అది చిన్న విశేషం కాదు.

పాత వైద్యులు ఈ రెంటినీ కలపలేదు. చరక సంహితలో మూర్ఛ ఒకచోట, అపస్మారం ఇంకోచోట ఉంటాయి. సూత్రస్థానం 24వ అధ్యాయంలో మదం, మూర్ఛ, సన్న్యాసం అని మూడు మెట్లు చెప్పారు. మొదటి రెండూ వేగం తగ్గాక వాటంతట అవే శాంతిస్తాయి, సన్న్యాసం మాత్రం మందు లేకుండా తగ్గదు అంటుంది ఆ గ్రంథం. (ఇక్కడ సన్న్యాసం అంటే కాషాయం కట్టడం కాదు. లేవలేనంత గాఢమైన స్పృహలేమి.) నన్ను ఆకట్టుకున్నది మరో వివరం. వాతం వల్ల వచ్చే మూర్ఛలో పడేముందు ఆకాశం నీలంగానో నల్లగానో ఎర్రగానో కనిపిస్తుందట. పిత్తం వల్ల అయితే ఎర్రగా, ఆకుపచ్చగా, పసుపుపచ్చగా కనబడి, లేచేటప్పుడు చెమటలు, దాహం ఉంటాయట. కఫం వల్ల అయితే ఆకాశం మబ్బు పట్టినట్టు ఉంటుందట. ఈ వాతపిత్తాల సిద్ధాంతాన్ని ఒప్పుకోవాల్సిన పనిలేదు. కానీ ఈ రంగులు ఎవరో ఒక రోగి చెప్పకపోతే గ్రంథంలోకి రావు. పడిపోయి లేచిన మనిషిని పక్కన కూర్చుని, నీకేం కనిపించింది అని ఎవరో అడిగి ఉండాలి.

సుశ్రుతుడు నెత్తురు వాసనకి వచ్చే మూర్ఛని విడిగా చెప్పాడు. అక్కడ మానవులు మూర్ఛపోతారని రాశాడే కానీ స్త్రీలు అని రాయలేదు. ఇతిహాసాల్లో కూడా మగవాళ్ళు ధారాళంగా మూర్ఛపోతారు. కైక వరాలు అడిగితే దశరథుడు పడిపోతాడు. కొడుకుల చావు కబురు విని ధృతరాష్ట్రుడు పడిపోతాడు. ఆయన నరాల బలహీనత గురించి ఏ వ్యాఖ్యాతా రాసినట్టు నేను చదవలేదు. అది మహారాజు శోకం, అంతే. అలంకారశాస్త్రం దగ్గరకొచ్చేసరికి మన్మథావస్థలు పదింటిలో తొమ్మిదోది మూర్ఛ, పదోది మరణం అయ్యాయి. శాస్త్రంలో అవి ఇద్దరికీ వర్తించినా, మన ప్రబంధాల్లో చందనం పూతలు, పన్నీటి చిలకరింపులు, తామరాకు పానుపులు ఎక్కువగా నాయికకే దక్కాయి. ఆమె పడిపోవడం ఒక అలంకారం అయింది. 18వ శతాబ్దపు ఇంగ్లీషు నవలల్లోనూ ఇదే వరస. 1790లో పద్నాలుగేళ్ళ జేన్ ఆస్టిన్ ఆ నవలల్ని వెక్కిరిస్తూ ఒక చిన్న రచన చేసింది. అందులో ఇద్దరు స్నేహితురాళ్ళు వంతులవారీగా సోఫా మీద స్పృహ తప్పుతారు. వారిలో ఒకామె సాయంత్రం మంచుకు తడిసిన నేల మీద పడి, జలుబు చేసి చచ్చిపోతుంది! ఆ వయసు అమ్మాయికి ఆ అలంకారం అంత హాస్యాస్పదంగా కనిపించింది.

అసలు ఒంట్లో జరిగేదేమిటి? మనం లేచి నిలబడగానే అరలీటరు పైనే నెత్తురు కాళ్ళలోకి, పొట్టలోకి దిగుతుంది. మామూలుగా రక్తనాళాలు బిగుసుకుని, గుండె కాస్త వేగం పెంచి దాన్ని పైకి పంపిస్తాయి. కొన్నిసార్లు ఈ ఏర్పాటు ఉన్నట్టుండి తిరగబడుతుంది. నాళాలు వదులవుతాయి, గుండె వేగం పడిపోతుంది. మెదడుకి ఆరు నుంచి పది సెకన్లు రక్తం అందకపోతే చాలు, స్పృహ పోతుంది. దీనికి వాసోవేగల్ అనే పేరు స్థిరపడింది 1932లో లండన్ వైద్యుడు థామస్ లూయిస్ రాసిన వ్యాసంతో. చాలాసేపు కదలకుండా నిలబడడం, ఉక్క, ఖాళీ కడుపు, నొప్పి, నెత్తురు చూడడం, భయం దీనికి కారణాలు. ఇది ఆడవాళ్ళలో కొంచెం ఎక్కువ. నీళ్ళు తక్కువ తాగడం, విరేచనాలు, ఎక్కువ రక్తస్రావం, బీపీ మందులు కూడా లేచి నిలబడగానే పడేస్తాయి. ఇవికాక గుండె లయ తప్పడం, గుండె కవాటం ఇరుకవడం ఉన్నాయి. వీటిని నరాల బలహీనత అని వదిలేస్తే ప్రాణం పోతుంది.

ఇంకొక సంగతి. స్పృహ తప్పినప్పుడు చేతులు కాళ్ళు కొద్దిసేపు కొట్టుకోవడం మామూలే. 1994లో థామస్ లెంపర్ట్, ఆయన సహచరులు ఆరోగ్యవంతులైన వాలంటీర్లలో కావాలని స్పృహ తప్పించి వీడియో తీశారు. పూర్తిగా స్పృహ తప్పినవాళ్ళలో 90 శాతం మందికి ఆ కదలికలు కనిపించాయి. వాళ్ళెవరికీ మూర్ఛవ్యాధి లేదు. పడిపోయిన మనిషిని పడుకోనివ్వకుండా ఎత్తి నిలబెడితే మెదడుకి రక్తం అందడం ఇంకా ఆలస్యమవుతుంది. ఆ కొట్టుకోవడం ఇంకాస్త ఎక్కువవుతుంది.

మా పెద్దమ్మ విషయంలో జరిగింది సరిగ్గా ఇదే. 1978 మే నెలలో ఆమె పెళ్ళి. ముహూర్తం అర్ధరాత్రి దాటాక. తెల్లవారినప్పట్నుంచీ ఉపవాసం. పట్టుచీర, పూలజడ, హోమం పొగ, పందిరి కింద గాలాడని ఉక్క. తలంబ్రాలయ్యాక లేచి నిలబడమన్నారు. చెవుల్లో తుమ్మెదలు రొద పెట్టినట్టయిందట. ఎదురుగా ఉన్న ముగ్గు మరీ తెల్లగా మెరిసి నల్లబడిపోయిందట. ఇవన్నీ ఆమె నాకు చాలా ఏళ్ళ తర్వాత చెప్పిన మాటలు. పడబోతుంటే మేనమామ, ఇంకొకరు పట్టుకుని స్తంభానికి ఆనించి నిలబెట్టారు. పెళ్ళికూతురు పీటల మీద పడిపోతే అశుభం కదా. చేతులు నాలుగైదుసార్లు కొట్టుకున్నాయి. ఎవరో తాళాల గుత్తి తెచ్చి చేతిలో పెట్టారు. ఆ తాళాల గుత్తితోనే తీర్పయిపోయింది. ఇనుము పట్టించారంటే మూర్ఛరోగమన్నమాట! వరుడు కూడా పొద్దున్నించీ ఉపవాసమే. కాకపోతే అతను మధ్యాహ్నం విడిదిలో కాఫీ తాగాడని మా అమ్మ ఇప్పటికీ అంటుంది.

రోగిష్టి పిల్లని అంటగట్టారన్నారు. నెల తిరక్కుండా లాయరు నోటీసు వచ్చింది. కోర్టు దాకా వెళ్ళనే లేదు, పెద్దమనుషుల్లో తేలిపోయింది. ఆమె పుట్టింట్లోనే ఉండిపోయింది.

ఆ నోటీసుకి ఆధారం ఉంది. 1955 హిందూ వివాహ చట్టంలో మూర్ఛవ్యాధి మాట లేదు. 1976లో, ఎమర్జెన్సీ రోజుల్లో, వివాహ చట్టాలను సవరించారు. పరస్పర అంగీకారంతో విడాకులు తీసుకునే వీలు అప్పుడే వచ్చింది కాబట్టి ఆ సవరణని మనం మంచి మార్పుగానే గుర్తుపెట్టుకుంటాం. కానీ అదే సవరణ 5వ సెక్షన్‌లో ఇంకో ముక్క చేర్చింది. పిచ్చిగానీ ఎపిలెప్సీగానీ మళ్ళీ మళ్ళీ వచ్చే మనిషి పెళ్ళికి అర్హత లేనిదన్నది. అలాంటి పెళ్ళిని 12వ సెక్షన్ కింద రద్దు చేయించుకోవచ్చు. చట్టం భాషలో అది ఆడా మగా ఇద్దరికీ ఒకటే. కానీ రద్దయిన పెళ్ళి తర్వాత మళ్ళీ పెళ్ళి ఎవరికవుతుందో, ఎవరికి కాదో చట్టం చూడదు. మళ్ళీ మళ్ళీ అనే మాట చట్టంలో ఉంది. ఒక్కసారి పడితే అది మళ్ళీ మళ్ళీ ఎలా అవుతుందని అడిగే లాయర్ని పెట్టుకునే స్తోమత తాతయ్యకి లేదు.

పట్నంలో ఒక డాక్టరు ఆమెకి ఫినోబార్బిటోన్ రాశారు. పదకొండేళ్ళు మింగింది. ఆ మందుకి మత్తు. ప్రైవేటుగా కట్టిన బీఏ పరీక్ష మధ్యలో నిద్రపోయేదాన్ననేది. 1989లో హైదరాబాద్‌లో ఒక న్యూరాలజిస్టుకి చూపించారు. ఆయన ఈఈజీ తీయించేముందు, పడేముందు ఏమైందమ్మా అని అడిగారట. మందు మెల్లమెల్లగా ఆపించారు. ఆ తర్వాత ఎప్పుడూ ఏమీ రాలేదు. "నేను పడింది ఒక్కసారేనే, అదీ తిండి లేక. ఆ మాట అప్పుడు చెప్పాను కూడా. వినేవాళ్ళేరీ?" అంది నాతో.

ఇక్కడ ఆగి ఒక మాట చెప్పుకోవాలి. పెద్దమ్మకి మూర్ఛవ్యాధి లేదు అని నేను గట్టిగా వాదిస్తున్నకొద్దీ, ఒకవేళ ఉంటే ఆ పంపించెయ్యడం సరైనదే అన్నట్టు వినిపిస్తుంది. ఆ వాదన నాకొద్దు. వ్యాధి నిజంగా ఉన్న ఆడవాళ్ళు పెళ్ళికి ముందు దాచి, పెళ్ళయ్యాక అత్తగారు చూస్తుందేమోనని మాత్రలు మానేసి, దానివల్లే ఫిట్స్ వచ్చి దొరికిపోవడం న్యూరాలజిస్టులందరికీ తెలిసిన కథ. 1976 సవరణ వాళ్ళని దాచుకోమని నేర్పింది. దాచినందుకు మోసం అంది. ఇండియన్ ఎపిలెప్సీ అసోసియేషన్ వంటి సంస్థలు పట్టుబట్టాక 1999లో పార్లమెంటు ఆ ఒక్క పదాన్ని హిందూ వివాహ చట్టం నుంచి, ప్రత్యేక వివాహ చట్టం నుంచి తీసేసింది. 23 ఏళ్ళు అది చట్టంలో ఉంది. మన స్త్రీవాద చర్చల్లో వరకట్నం మీద, అత్యాచారం మీద వచ్చిన చట్టాలకు ఉన్న చోటు ఈ పదానికి దొరకలేదు. అది స్త్రీల చట్టం కాదనుకున్నామేమో.

మూర్ఛరోగం అనకపోతే హిస్టీరియా అనేవాళ్ళు. నా చిన్నతనంలో వారపత్రికల డాక్టరు శీర్షికల్లో ఈ మాట తరచుగా కనపడేది. పెళ్ళి చేస్తే కుదురుతుందనే సలహా ఇరుగుపొరుగు నోట్లో సిద్ధంగా ఉండేది. ఆధునిక ఆయుర్వేద పుస్తకాలు దీనికి యోషాపస్మారం అని పేరు పెట్టాయి. యోష అంటే స్త్రీ. చరక సుశ్రుతులు ఈ జబ్బుని చెప్పలేదు. యూరప్ వైద్యం ఇచ్చిన జబ్బుకి సంస్కృతం తొడిగారు.

ఆ జబ్బుకి గద్దె వేసింది పారిస్‌లోని సాల్పెట్రియేర్ ఆస్పత్రి. అక్కడ షార్కో ఉపన్యాసాలకు నగరమంతా వచ్చేది. న్యాయంగా చెప్పాలంటే హిస్టీరియా మగవాళ్ళకీ వస్తుందని గట్టిగా అన్నవాడు కూడా ఆయనే. కానీ వేదిక మీదికి ఎక్కువగా తెచ్చింది ఆడవాళ్ళని. 1887లో బ్రూయే వేసిన పెద్ద చిత్రంలో బ్లాంష్ విట్‌మన్ అనే రోగి స్పృహ లేనట్టు ఒక డాక్టరు చేతిమీద వెనక్కి వాలి ఉంటుంది. రవిక భుజాల కిందికి జారి ఉంటుంది. ఎదురుగా వరసలు వరసలుగా మగవాళ్ళు. ఆడవాళ్ళంటే ఆమె కాక ఇద్దరు నర్సులు. ఆ చిత్రం ప్రతిని ఫ్రాయిడ్ తన గదిలో పెట్టుకున్నాడు. అదే ఆస్పత్రిలో 1875లో పద్నాలుగేళ్ళప్పుడు చేరిన ఆగస్టీన్ అనే అమ్మాయి ఫొటోలు ప్రపంచమంతా తిరిగాయి. చేరకముందు తల్లి యజమాని ఆమెని బలాత్కారం చేశాడు. ఆ సంగతి కేసు కాగితాల్లోనే ఉంది! అయినా డాక్టర్లు శ్రద్ధగా నమోదు చేసింది ఆమె పడిపోవడంలోని దశల్ని. 1880లో ఆమె మగవేషం వేసుకుని ఆస్పత్రి నుంచి పారిపోయింది. అమెరికన్ మానసిక వైద్యుల జబ్బుల జాబితా నుంచి హిస్టీరియా పేరు 1980లో పోయింది.

జాబితా నుంచి పోయిన పేరు ఫ్యాక్టరీల్లో మాత్రం అప్పటికే చేరిపోయింది. 1970లలో మలేసియా ఎగుమతి వాడల్లో రోజంతా మైక్రోస్కోపుల్లోకి చూస్తూ పనిచేసే పల్లెటూరి అమ్మాయిలు భూతాల్ని చూసి కేకలు పెట్టి పడిపోయేవారు. యాజమాన్యాలు భూతవైద్యుల్ని పిలిపించి మేకల్ని బలిచ్చేవి. మళ్ళీ మళ్ళీ పడినవాళ్ళని ఉద్యోగంలోంచి తీసేసేవి. (మళ్ళీ మళ్ళీ అనే మాట ఇక్కడా ఎదురైంది.) ఐహ్వా ఓంగ్ 1987లో వచ్చిన తన పుస్తకంలో దీన్ని ఆ పని క్రమశిక్షణ మీద తిరుగుబాటుగా చదివింది. ఆ పుస్తకం నాకు చాలా ఇష్టం. అయినా తిరుగుబాటు అనే మాట దగ్గర నాకు కొంచెం ఇబ్బంది. ఆకలితో పడిన మనిషికి మనం తొందరపడి తిరుగుబాటు అంటగట్టకూడదు కదా.

కంబోడియాలో ఇది ఇంకా స్పష్టంగా కనిపించింది. అక్కడి దుస్తుల ఫ్యాక్టరీల్లో అత్యధికులు ఆడవాళ్ళే. 2011 నుంచి వందలమంది ఒకేసారి పడిపోవడం మొదలైంది. 2015లో 32 ఫ్యాక్టరీల్లో 1,806 మంది స్పృహ తప్పారని ప్రభుత్వ సామాజిక భద్రతా సంస్థే లెక్క చెప్పింది. స్థలాన్ని కాపాడే దేవత నియక్ తా కోపగించిందని కొందరన్నారు. సామూహిక మానసిక వ్యాధి అని ఇంకొందరన్నారు. 2013లో ఒక బ్రిటిష్ కార్మిక హక్కుల సంస్థ వాళ్ళు తినేదాన్ని లెక్కకట్టింది. రోజుకి సగటున 1,598 కేలరీలు. మూడోవంతు మంది పోషకాహారలోపంతో ఉన్నారు. ఒకరిని చూసి ఒకరు పడిపోయారన్నది కూడా నిజమే కావచ్చు. భయం అంటుకుంటుంది. కానీ అంటుకోవడానికి ఎండు కట్టెలు ముందే ఉన్నాయి. 2012 ఫిబ్రవరిలో నాంఫెన్‌లో జరిగిన ప్రజా ట్రిబ్యునల్లో కార్మికులు ఓవర్‌టైం గురించి, తిండి గురించి, జీతం గురించి సాక్ష్యం చెప్పారు. అప్పుడు కనీస వేతనం నెలకి 61 డాలర్లు. 2013లో 80, 2014లో 100 అయింది. 2014 జనవరిలో 160 అడిగిన సమ్మె మీద కాల్పులు జరిగి కనీసం నలుగురు చనిపోయారు.

మన దగ్గర 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. మరుగుదొడ్డి లేనిచోట పనిచేసే ఆడవాళ్ళు పొద్దున్నించీ నీళ్ళు తాగరు. కూలిపనిలోనూ అంతే, దుకాణాల్లో కూర్చోవడానికి కుర్చీ లేకుండా పది గంటలు నిలబడే సేల్స్ అమ్మాయిలూ అంతే. సినిమాలో అయితే ఆమె పడిపోగానే డాక్టరు నాడి పట్టుకుని శుభవార్త అంటాడు. నెల తప్పినామె కడుపునొప్పితో కళ్ళు తిరిగి పడిపోతే అది శుభవార్త కాకపోవచ్చు. పిండం గర్భాశయం బయట పెరిగి నాళం పగిలి ఉండవచ్చు. ఆమెని అరగంట కూడా ఇంట్లో ఉంచకూడదు.

మా ఊళ్ళో ఇప్పటికీ ఎవరైనా పడిపోతే ముందు లేపి కూర్చోబెడతారు. తర్వాత ఉల్లిపాయ, చెప్పు, తాళంచెవులు వరసగా వస్తాయి. చెయ్యాల్సింది అంతకంటే తేలిక. వెల్లకిలా పడుకోనిచ్చి కాళ్ళు ఎత్తి పెట్టాలి, బిగుతు బట్టలు వదులు చెయ్యాలి, పూర్తిగా తెలివి వచ్చేదాకా నోట్లో ఏమీ పొయ్యకూడదు. కొట్టుకుంటున్న చేతుల్ని అదిమిపట్టకుండా గడియారం చూడాలి. ఫిట్స్‌లాంటి కదలికలు ఐదు నిమిషాలు దాటినా, స్పృహ రాకపోయినా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. లేచాక పడేముందు ఏం కనిపించింది, ఏం వినిపించింది, ఎప్పుడు తిన్నావు, నెలసరి ఎప్పుడు అని ఆమెనే అడిగి కాగితం మీద రాసుకుంటే డాక్టరుకి సగం పని తగ్గుతుంది. పరిగెత్తుతూ పడినా, పడుకుని ఉండగానే స్పృహ తప్పినా, గుండె దడదడలాడిందని చెప్పినా, ఇంట్లో ఎవరైనా చిన్నవయసులో హఠాత్తుగా పోయి ఉన్నా, ఆ రోజే ఈసీజీ తీయించాలి.